కారు షెడ్డులో తొమ్మిది చెరువులు

చిట్టూరి భీమారావుకు రెండు కార్లు, ఒక షెడ్డు, ఒక భార్య. ఈ లెక్క ఎటునుంచి వేసినా ఒకటి ఎక్కువవుతోంది. ఎక్కువైంది పాత అంబాసిడరేనని భార్య మంగతాయారు తేల్చేసింది. ఆవిడ హైస్కూల్లో లెక్కల టీచరు, తేల్చడం ఆవిడ వృత్తి. బజార్లో కళ్లజోళ్ల షాపు నడుపుకునే భీమారావుకు ఈ విషయంలో వేరే అభిప్రాయం ఉంది గాని, దాన్ని పైకి చెప్పేంత ధైర్యం ఏనాడూ కూడదీసుకోలేదు.

ఆ అంబాసిడర్ ఆయన తండ్రి కొన్నది. మీగడ రంగు. నాలుగు తలుపుల్లో రెండే తెరుచుకుంటాయి, హారను మాత్రం నాలుగు వీధులకు వినిపిస్తుంది. పెళ్లయ్యాక మంగతాయారును కాపురానికి తీసుకొచ్చింది అందులోనే. దారిలో మూడుసార్లు ఆగిపోయిందని ఆవిడ ఇప్పటికీ అంటుంది, నాలుగోసారి ఆగలేదు కదా అని ఆయన ఇప్పటికీ అంటాడు. ఆవిడ తన జీతంతో తెల్లటి కొత్త కారు కొనుక్కున్నాక షెడ్డు దాని వశమైంది. అంబాసిడర్ టార్పాలిన్ కప్పుకుని వీధిన పడింది. ప్రతి ఆదివారం పాత ఇనప సామాన్ల మస్తాను వచ్చి, కొబ్బరికాయ బేరమాడేవాడిలా బానెట్ మీద వేలితో కొట్టి చూసి వెళ్లేవాడు. ఆ చప్పుడు విన్నప్పుడల్లా ఎవరో తన నెత్తిన మొట్టికాయ వేసినట్టుండేది భీమారావుకు.

జ్యేష్ఠంలో మంగతాయారు గడువు పెట్టింది.

"దసరా ఆయుధపూజకి ఆ బండి షెడ్డులో ఉంటే బొట్టు నేనే పెడతాను. వీధిలోనే ఉంటే మస్తానుకిచ్చేస్తాను. ఆపైన మీ ఇష్టమండి."

షెడ్డును పక్కకు పెంచుదామంటే అటూ ఇటూ పొరుగువారి గోడలున్నాయి. ఇక మిగిలింది ఆకాశం. ఇళ్లల్లో పెట్టుకునే కారు లిఫ్టు ఒకటి ఉంటుందనీ, రెండు ఇనప స్తంభాల మధ్య పలక మీద ఒక కారును పైకెత్తేస్తే రైలు బెర్తుల్లాగా కింద ఇంకో కారు పడుతుందనీ ఫోనులో చూసి, భీమారావు ఆ రాత్రి నిద్రలో కూడా నవ్వాడు.

లిఫ్టు కంపెనీ మనిషి వచ్చాడు. వచ్చినవాడు తల పైకెత్తలేదు. బూటు మడమతో నేలను నాలుగు చోట్ల తన్ని, పెదవి విరిచాడు. లిఫ్టు సంగతి తరువాత, ముందు నేల సంగతి చూడమన్నాడు. రెండు కార్ల బరువూ ఆ రెండు స్తంభాల మీదుగా నేలలోకే దిగుతుంది కాబట్టి కాంక్రీటు జానెడు మందం ఉండాలి, వాలు ఉండకూడదు, పగులు అసలే ఉండకూడదు, బోల్టులు బిగిస్తే కాంక్రీటు కొరికి పట్టుకోవాలి. ఉన్న నేలలో పైన టైల్సు, వాటి కింద ఇసుక, ఇసుక కింద పందికొక్కులు. కాబట్టి అంతా పగలగొట్టాలి. పైనున్న రేకులు కూడా తీసెయ్యాలి, పైకెక్కే కారుకు తల తగులుతుంది.

తెల్ల కారు కూడా తాత్కాలికంగా వీధికెక్కింది. తాపీ పనికి సింహాద్రి మేస్త్రి మనుషుల్ని దింపాడు. నేల తవ్వారు, పందికొక్కులకు వీడ్కోలు చెప్పారు, కంకర వేసి దిమ్మిస కొట్టారు, ఇనప చువ్వల జాలీ పరిచి కాంక్రీటు పోశారు. మేస్త్రి రసమట్టం పెట్టి చూపిస్తే లోపలి బుడగ సరిగ్గా నడుమన నిలబడింది. భీమారావుకు ఆ బుడగను చూస్తే కడుపు నిండిపోయింది. మర్నాడు మేస్త్రి ఎప్పుడూ శ్లాబు మీద చేసినట్టే, ఇసుకలో కాస్త సిమెంటు కలిపి సన్నటి గట్లు పోసి, నేలంతా తొమ్మిది మళ్లుగా విడగొట్టి నీళ్లు నింపాడు. రెండంగుళాల లోతు.

"నెల రోజులు తడారకూడదండి. తవరు అన్నం మానేసినా ఫరవాలేదు, దీనికి నీళ్లు మాన్పించకండి," అన్నాడు.

భీమారావు అక్షరాలా అలాగే చేశాడు. పొద్దున్న షాపుకు వెళ్లేముందు, సాయంత్రం వచ్చాక, గొట్టం పట్టుకుని ఒక్కో మడినీ నింపేవాడు. నేల నీళ్లు తాగుతుంటే తానే మజ్జిగ తాగినంత హాయిగా ఉండేది. పైన రేకులు లేవు గనక మళ్లల్లో మబ్బులు కనిపించేవి. మూడో వారం ఒక కొంగ వచ్చి గట్టు మీద ఒంటికాలిపై నిలబడి, ఏమీ దొరక్క, ఆలోచించుకుంటూ వెళ్లిపోయింది. కీడు అప్పుడే శంకించి ఉండాల్సింది.

ఆ ఏడాది ప్రభుత్వానికి చెరువుల మీద ప్రేమ పుట్టింది. ప్రతి మునిసిపాలిటీ తన వంతుకు వచ్చినన్ని చెరువులను గుర్తించి, పరిరక్షించి, ఫోటోలు పంపాలి. ఈ పట్నం వంతుకు తొమ్మిది వచ్చాయి. ఊళ్లో తొమ్మిది చెరువులు ఉండేవన్న మాట నిజమే. ఇప్పుడు ఒకదాని మీద బస్టాండుంది, ఒకదాని మీద కూరగాయల మార్కెట్టుంది, అన్నిటికన్నా లోతైనదాని మీద మునిసిపల్ ఆఫీసే ఉంది. చెరువుల పరిరక్షణ ప్రత్యేకాధికారిగా వచ్చిన పరమహంస గారు రెండు నెలలు కాళ్లకు బలపం కట్టుకుని తిరిగినా చెంబెడు నీళ్లు దొరకలేదు. అప్పుడు డ్రోను ఎగరేశారు. ఇళ్ల నడుమ నీలంగా మెరుస్తూ, వరసకు మూడు చొప్పున, లెక్కకు సరిగ్గా తొమ్మిది నీటి మడుగులు కనబడ్డాయి.

పరమహంస గారు చెప్పులు విప్పి షెడ్డులోకి అడుగుపెట్టారు. ఆయన పెట్టుకున్న కళ్లజోడు భీమారావు షాపులో చేయించిందే. నంబరు సరిగ్గానే ఉంది. కాబట్టి చూపును తప్పు పట్టే వీలు లేకపోయింది.

"సదరు జలవనరులు తమరి ఆవరణలోనివేనా?" అన్నారు.

జలవనరులు కావండి, నేలండి, నానబెట్టాం అన్నాడు భీమారావు.

"ప్రతి చెరువు కిందా నేలే ఉంటుంది. నేల ఉన్నంత మాత్రాన చెరువు చెరువు కాకుండా పోదు."

ఆయన ఉత్తర్వు తీసి చదివారు. మానవ నిర్మితమైన గట్లతో పరివేష్టితమై, పదిహేను దినములకు పైబడి నిలువ నీరు కలిగియున్న ప్రతి ప్రదేశమూ చెరువుగా పరిగణింపబడును. అందులో లోతు ప్రస్తావన లేదు. పొడవు వెడల్పుల ప్రస్తావన లేదు. ఆయన ఒక్కో మడి దగ్గరా ఆగి, వేలు చూపి లెక్కపెట్టారు. తొమ్మిదో మడి దగ్గర రెండు చేతులూ జోడించారు. ఒక మడి నిండితే గట్టు పొర్లి పక్క మడిలోకి నీరు పోతోందని గమనించి, ఇవి విడివిడి చెరువులు కూడా కావనీ, పూర్వపు రాజులు తవ్వించిన తరహా గొలుసుకట్టు చెరువులనీ, ఈ రోజుల్లో ఇలాంటివి చూస్తామనుకోలేదనీ అన్నారు.

నెల తిరగగానే తీసేస్తామండి అని భీమారావు అమాయకంగా చెప్పాడు. పరమహంస గారి ముఖం గంభీరమైంది. చెరువును తీసేస్తానని అధికారి ఎదుట అనడం నేరాన్ని ముందుగా ఒప్పుకోవడం కిందికి వస్తుందనీ, వయసు చూసి ఈసారికి వినలేదనుకుంటాననీ చెప్పి, గుమ్మం పక్కన బోర్డు కొట్టించి వెళ్లారు. గట్టు కదిపినా, నీరు తోడినా, పూడ్చినా కఠిన చర్యలు. దాని కింద చిన్న అక్షరాలతో, లోతు ప్రమాదకరము, ఈత నిషేధము.

నెల తిరిగింది. సింహాద్రి మేస్త్రి గట్లు తీయడానికి పార పట్టుకుని వచ్చి, బోర్డు చదివి, పారను వీపు వెనక దాచుకుని వెళ్లిపోయాడు. లిఫ్టు కంపెనీ మనిషి వచ్చి నీళ్లలో బోల్టులు బిగించే పద్ధతి తమ కంపెనీలో ఇంకా రాలేదన్నాడు. మస్తాను మాత్రం క్రమం తప్పకుండా వచ్చి బానెట్ కొట్టి చూస్తూనే ఉన్నాడు.

తరువాత జలరక్షకుడు వచ్చాడు. పేరు గవరయ్య. మునిసిపాలిటీ వాళ్లు అతనికి ఒక ఈల, గాలి నింపిన రబ్బరు ట్యూబు ఇచ్చి, మునిగిపోయేవాళ్లను కాపాడమని షెడ్డులో కుర్చీ వేసి కూర్చోబెట్టారు. తనకు ఈత రాదని గవరయ్య మొదటి రోజే నిజాయితీగా ఒప్పుకున్నాడు. పొద్దున కాఫీ, పదకొండింటికి మజ్జిగ, నాలుగింటికి మళ్లీ కాఫీ మంగతాయారు వంటింట్లోంచే వెళ్లేవి. ఆవిడ పెరట్లోకి పోవడానికి గట్టు దాటినప్పుడల్లా గవరయ్య ఈల వేసేవాడు. మొదటిసారి ఆవిడ ఉలిక్కిపడింది. రెండోసారి అతని వంక చూసింది. ఆ చూపుతో తరగతి గదులే నిశ్శబ్దమైపోతాయి. గవరయ్య అప్పటినుంచి ఆవిడ దాటిపోయాక, వినబడనంత మెల్లగా ఊదుకునేవాడు.

చేపల శాఖ వాళ్లు పాలిథిన్ సంచుల్లో చేపపిల్లల్ని తెచ్చి వదిలారు. రెండంగుళాల నీటిలో నిలువుగా ఈదే వీలులేక అవి పక్కకు ఒరిగి, ఒక కన్ను నేలవైపు, ఒక కన్ను ఆకాశంవైపు పెట్టుకుని పడుకున్నాయి. వెనకటి కొంగకు చిరునామా గుర్తుంది. ఈసారి బంధువులతో వచ్చింది. గంటలో చేపలన్నీ అయిపోయాయి. పరమహంస గారు ఫోటో తీసుకుని, చెరువులు పునర్జీవం పొందినందున వలస పక్షులు తిరిగి వచ్చుచున్నవని పైకి రాసి పంపారు. పైనుంచి అభినందనలు వచ్చాయి. పర్యాటక శాఖ వాళ్లు పడవ పెడదామని ముచ్చటపడి కొలతలు తీసుకున్నారు గాని, పడవ దించితే చెరువు కనబడకుండా పోతుందని తేలి విరమించుకున్నారు.

వినాయక చవితి వెళ్లిన మర్నాడు అసలు నోటీసు వచ్చింది. చెరువు గట్టునుంచి ముప్పై మీటర్ల లోపు ఏ కట్టడమూ ఉండరాదు. భీమారావు ఇల్లు చెరువు గట్టునుంచి లెక్కేస్తే ఒక గడప దూరంలో ఉంది. అది ఆక్రమణ. ఎందుకు తొలగించకూడదో దసరా లోపల సంజాయిషీ చెప్పుకోవాలి.

భీమారావు నోటీసును రెండుసార్లు చదివాడు. కారును కాపాడుకోబోతే ఇల్లే పోయేట్టుంది. దస్తావేజులు చంకన పెట్టుకుని మునిసిపల్ ఆఫీసుకు పరుగెత్తాడు. ఇల్లు కట్టి ముప్పై ఏళ్లయిందనీ, చెరువు పుట్టి మూడు నెలలు కాలేదనీ, ఎవరు ఎవరిని ఆక్రమించారో తమరే చెప్పాలనీ చేతులు జోడించాడు.

పరమహంస గారు జాలిగా చూశారు.

"మీ వాదనలో మానవీయ కోణం ఉంది భీమారావు గారూ, కాదనను. కానీ చెరువు ఎప్పుడు పుట్టిందన్నది శాఖకు అప్రస్తుతం. శాఖ దృష్టిలో చెరువులన్నీ అనాదివి. మనం గుర్తించడం ఆలస్యమైందంతే. చెరువు అక్కడికి వస్తుందని తెలిసీ మీరు ముప్పై ఏళ్ల ముందే వచ్చి ఇల్లు కట్టుకున్నారు. దీన్ని ముందస్తు ఆక్రమణ అంటాం."

భీమారావు దస్తావేజులు మళ్లీ చంకన పెట్టుకున్నాడు. ఇంటికొచ్చి అంబాసిడర్ ఎక్కి, తెరుచుకునే తలుపు వేసుకుని, చీకటి పడేదాకా స్టీరింగు మీద తల పెట్టుకుని కూర్చున్నాడు. ఏడ్చాడో లేదో తెలియదు. అద్దాలు మాత్రం మసకబారాయి.

బాగా ఆలోచించి ఆయన ఒక పన్నాగం పన్నాడు. నీళ్లు తోడకూడదన్నారు గాని పొయ్యమని ఎవరూ అనలేదు కదా. గొట్టం చుట్టి అటక మీద పెట్టేశాడు. ఆ ఏడు భాద్రపదంలో ఎండలు మండిపోయాయి. నీళ్లు రోజురోజుకూ తగ్గాయి. ఒక మూల కాంక్రీటు తెల్లగా బయటపడితే భీమారావు దాన్ని చేత్తో నిమిరాడు. గవరయ్య తిన్న ఉప్పుకు కట్టుబడి ఆఫీసుకు కబురు చేశాడు. అయితే ఎవరి ఉప్పన్నది ఆలోచించలేదు.

సాయంత్రానికి మంచినీళ్ల ట్యాంకరు వచ్చింది. ఆ వారం పట్నమంతా కుళాయిలు ఎండిపోయి ఉన్నాయి. ట్యాంకరు హారను వినగానే వీధి వీధంతా బిందెలతో బారులు తీరింది. ట్యాంకరు ఆ బిందెల మధ్యనుంచి గంభీరంగా కదిలి, షెడ్డు ముందు ఆగి, తొమ్మిది చెరువులనూ గట్టు అంచుదాకా నింపి, ఖాళీగా వెళ్లిపోయింది. ఎదురింటి వరహాలమ్మ గారు ఒక్క క్షణం నోరు వెళ్లబెట్టి చూసి, బిందె చంకన ఎత్తుకుని తిన్నగా షెడ్డులోకి నడిచి చెంబుతో తోడడం మొదలుపెట్టింది. ఆవిడ వెనక మిగతావాళ్లు. గవరయ్య ఈల వేస్తూనే ఉన్నాడు. తెల్లారేసరికి చెరువులు అడుగంటాయి, మళ్లీ ట్యాంకరు వచ్చింది, మళ్లీ బిందెలు వచ్చాయి. వీధివాళ్లు భీమారావు చెరువులు చల్లగా ఉండాలని దీవించడం మొదలుపెట్టాక, ఇక తనకు దిక్కులేదని భీమారావుకు అర్థమైంది.

దసరా ఇంకా మూడు వారాలుంది. ఆ ఆదివారం మస్తాను ఈసారి తూకం మనిషిని కూడా వెంటపెట్టుకొచ్చాడు. భీమారావు లోపలికొచ్చి, అన్నం కలుపుతూ కూర్చున్నాడు. కలుపుతున్నాడే గాని తినడం లేదు. మంగతాయారు చాలాసేపు చూసింది. ఇల్లు పోతుందన్న నోటీసుకు కూడా ఆవిడ అంత కదల్లేదు.

"ఏవండీ, మీరు చెరువుని ఎండబెట్టి పోగొడదామని చూస్తున్నారు. అది మన చేతకాదు," అంది. "ఈ ఊళ్లో తొమ్మిది చెరువులు పోయాయి కదా. ఎవరు పోగొట్టారు?"

మునిసిపాలిటీయే అన్నాడు భీమారావు.

"మరి తెలిసినవాళ్లకి అప్పజెప్పండి."

ఆవిడ వాకబు చేసి పెట్టుకుంది. బస్టాండు చెరువు గాని, మార్కెట్టు చెరువు గాని నిర్లక్ష్యం వల్ల పోలేదు. నిర్లక్ష్యం చేసిన కాలంలో అవి నిక్షేపంలా ఉండేవి. సుందరీకరణ చేశాకే పోయాయి. మర్నాడు భీమారావు ఒక అర్జీ పట్టుకెళ్లాడు. తన ఆవరణలోని గొలుసుకట్టు చెరువులు మేస్త్రి కట్టిన ముతక గట్లతో శోభావిహీనంగా ఉన్నాయనీ, శాఖవారు దయతో సుందరీకరించాలనీ, దాని కోసం తాను సర్వవిధాలా సహకరిస్తాననీ విన్నవించుకున్నాడు.

పరమహంస గారి నెత్తిన పాలు పోసినట్టయింది. ఊళ్లో చెరువుల్లేక సుందరీకరణ నిధులు మురిగిపోయే స్థితిలో ఉన్నాయి. ప్రజల్లో ఇంత చైతన్యం రావడం శాఖ సాధించిన విజయమని అక్కడికక్కడే మంజూరు చేశారు. పని కాంట్రాక్టరు బుల్లెబ్బాయి గారికి దక్కింది. ఊళ్లో ఏ పనైనా ఆయనకే దక్కుతుంది. ఆయనకు వచ్చిన పని ఒక్కటే, కాంక్రీటు పొయ్యడం. పార్కు ఇచ్చినా కాంక్రీటు పోస్తారు, శ్మశానం ఇచ్చినా కాంక్రీటు పోస్తారు.

బుల్లెబ్బాయి గారు ముందుగా పనికి అడ్డం కాబట్టి నీళ్లు తోడించారు. ఆ తరువాత పూడిక తీయించారు. కాగితాల మీద నలభై లారీల పూడిక వెళ్లింది. మంగతాయారు గుమ్మంలో నిలబడి చూస్తే వెళ్లింది ఇసుక గట్లు గీరిన ఒక తట్టెడు. ఆ పైన నేలంతా జానెడు మందాన కాంక్రీటు పరిచామని రాసుకుని, అంగుళం పరిచారు. గవరయ్యను వేరే చోటికి బదిలీ చేశారు. వెళ్లేముందు అతను ఈల భీమారావు చేతికిచ్చి, ఇన్నాళ్లూ కాఫీలిచ్చినందుకు దణ్ణం పెట్టాడు. చివరి రోజున సందర్శకుల సౌకర్యార్థం వాహనములు నిలుపు స్థలము అని బోర్డు పెట్టి, రిబ్బను కత్తిరించారు.

సభలో పరమహంస గారు మాట్లాడుతూ, చెరువు అంటే కేవలం నీరేనన్న పాతకాలపు భావననుంచి మనం బయటపడాలన్నారు. భీమారావు ఆయన పక్కకు చేరి, మరి ఇంటి నోటీసు మాటేమిటని అడిగాడు.

"నీరు లేనిచోట ముంపు ఉండదు, ముంపు లేనిచోట ఆక్రమణ ఉండదు," అన్నారాయన ప్రసన్నంగా. "ఇవి ఇక పరిరక్షించవలసిన చెరువులు కావు భీమారావు గారూ. పరిరక్షింపబడిన చెరువులు. వీటి జోలికి శాఖ ఎన్నటికీ రాదు."

తాను తోడితే నేరం, వాళ్లు తోడేస్తే అభివృద్ధి అని భీమారావుకు అప్పుడు బోధపడింది. బోధపడినా నోరు మూసుకుని చప్పట్లు కొట్టాడు.

దసరాకు నాలుగు రోజులుందనగా లిఫ్టు వచ్చింది. కంపెనీ మనిషి మళ్లీ మడమతో నేలను తన్నాడు. తన్నినచోట బుల్లెబ్బాయి గారి కాంక్రీటు అప్పడంలా విరిగింది. కంపెనీ మనిషి ఆ అప్పడం కింద చెయ్యిపెట్టి ఎత్తాడు. పెద్ద పెద్ద పెచ్చులుగా మొత్తం ఊడి వచ్చింది. దాని అడుగున సింహాద్రి మేస్త్రి పోసిన నేల నల్లసేనపు రాయిలా నిగనిగలాడుతోంది. డ్రిల్లు పెడితే డ్రిల్లు కేకలు వేసింది గాని నేల తొణకలేదు. నెల రోజులు నానాల్సిన కాంక్రీటు, ప్రభుత్వ ఖర్చుతో, ట్యాంకరు నీళ్లతో, కాపలా మనిషి పర్యవేక్షణలో మూడు నెలలు నానింది. ఇంత గట్టి నేల తన సర్వీసులో చూడలేదనీ, కావాలంటే ఏనుగును ఎక్కించినా ఫరవాలేదనీ అతను అన్నాడు. భీమారావు రసమట్టం తెచ్చి పెట్టాడు. బుడగ నడుమనే ఉంది.

ఆయుధపూజ నాడు అంబాసిడర్‌ను వీధివాళ్లంతా కలిసి లోపలికి తోశారు. మస్తాను కూడా ఒక చెయ్యి వేశాడు. మంగతాయారు మాట నిలబెట్టుకుని బానెట్ మీద పసుపు రాసి, తనే బొట్టు పెట్టింది. పెడుతూ ఆ బానెట్‌ను ఒక్క క్షణం ఎక్కువే తాకింది. భీమారావు అది చూశాడు, చూడనట్టు ఊరుకున్నాడు. గుమ్మడికాయ కొట్టారు. ఆయన డ్రైవరు సీట్లో కూర్చుంటే మీట నొక్కారు. తండ్రి కొన్న కారు ఆయనతో సహా మెల్లగా ఆకాశంలోకి లేచింది. పైకెళ్లాక ఒకసారి హారను కొట్టాడు. నాలుగు వీధులు తలెత్తి చూశాయి. భీమారావు కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు.

సరిగ్గా అప్పుడే పరమహంస గారు పండగ పలకరింపుకు వచ్చారు. తొమ్మిది చెరువుల పరిరక్షణకుగాను తనకు రాష్ట్రస్థాయి పురస్కారం వచ్చిందనీ, ఆ మాట ముందు ఈ ఇంట్లోనే చెప్పాలనిపించిందనీ అన్నారు. ఎండలో నడిచి రావడంతో దాహం వేస్తోందని, కాసిని మంచినీళ్లు ఇప్పించమని అడిగారు.

మంగతాయారు పెద్ద గ్లాసు నిండా నీళ్లు తెచ్చి ఇచ్చింది. ఆయన ఒక గుక్క తాగి, తక్కిన నీళ్లతో గ్లాసును పక్కనున్న అరుగు మీద పెట్టి కబుర్లలో పడబోయారు. పైన అంబాసిడర్‌లోంచి భీమారావు తొంగి చూశాడు. చుట్టూ అంచు, నడుమ నిలువ నీరు.

మంగతాయారు గ్లాసు తీసి మళ్లీ ఆయన చేతిలో పెట్టింది.

"మిగల్చకండి. నేనిక్కడే నిలబడతాను, మొత్తం తాగేసి ఖాళీ గ్లాసు ఇచ్చి వెళ్లండి," అంది.